చీరల కొట్టులో ‘ఐదు నిమిషాలు’

ధర్మవరంలో పట్టుచీరల కొట్టుకెళ్లి ఐదు నిమిషాల్లో బయటికొచ్చిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేనైతే చూడలేదు. అయినా పోయిన ఏప్రిల్‌లో మా అమ్మ “ఐదు నిమిషాలేనప్పా” అంటే నమ్మేశాను. ఆ ఐదు నిమిషాలకి మా జున్నుగాడి ప్రాణం మీదికొచ్చింది.

జున్ను మా ఇంటి కుక్క. జాతి గీతి ఏమీ లేదు, ఒట్టి ఊరకుక్క. బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దొరికింది. ఇప్పుడు 15 కిలోలు. పిన్ని కూతురి పెళ్లి చీరల కోసం హిందూపురం నుంచి బయల్దేరుతుంటే ఇంట్లో చూసుకునేవాళ్లు ఎవరూ లేరని కార్లో ఎక్కించుకున్నాం. “కుక్కను పిలుచుకోని చీరలకు పోయేది మనమేరా” అని అమ్మ గొణిగింది. పెనుకొండ మీదుగా ధర్మవరం, దాదాపు 80 కిలోమీటర్లు. పెద్ద దూరమేం కాదు కదా అనుకున్నా.

దారిలో చేయాల్సినవన్నీ సరిగ్గానే చేశాను, ఆ సంగతి ముందు చెప్పుకోవాలి. పొద్దున నాలుగు గంటల ముందే కొంచెం తిండి పెట్టి ఆపేశాను, కడుపు నిండా తిని కారెక్కితే కక్కుకుంటుందని. జున్ను చిన్నప్పుడు కారెక్కితే చాలు వాంతి. కుక్కపిల్లల్లో ఇది ఎక్కువే, పెద్దయ్యాక చాలావాటికి తగ్గుతుంది. తగ్గకపోతే డాక్టరు రాసిచ్చే మాత్రలున్నాయి. మన మాత్ర సగం విరిచి వేయడం లాంటి సొంత వైద్యం మాత్రం వద్దు.

కూర్చోబెట్టింది వెనక సీట్లో, ఛాతీకి తొడిగే బెల్టు వేసి, దాన్ని సీటు బెల్టుకి తగిలించి. మెడపట్టీకి తగిలించకూడదు, సడెన్ బ్రేకు వేస్తే మెడ విరుగుతుంది. ‘ఒళ్లో పెట్టుకుంటే సరిపోదా’ అనేవాళ్లకి ఒక చిన్న లెక్క. గంటకి 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేనికో గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిందనుకోండి. 15 కిలోల జున్నుని ఆపాలంటే 200 కిలోల బరువుని పట్టుకున్నంత బలం కావాలి. నా చేతులకి అంత సీను లేదు, జిమ్ముకెళ్లే మీకూ ఉండదు. ముందు సీట్లో అయితే ఇంకా ప్రమాదం. ఎయిర్‌బ్యాగ్ రెప్పపాటులో పేలుతుంది, అది కొలిచి తయారుచేసింది బెల్టు పెట్టుకున్న మనిషి కోసం. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి 2019 ఆగస్టులో తొలి సెల్టోస్ బయటికొచ్చినప్పటి నుంచి మా జిల్లాలో ఎవర్ని కదిపినా ఎన్ని ఎయిర్‌బ్యాగులో చెప్తారు. ముందు సీట్లో కుక్క తల కిటికీ బయటపెట్టి పోతుంటే మాత్రం వీడియో తీసి స్టేటస్ పెడతారు.

ఇంత జాగ్రత్త పడినవాణ్ని, కారు ఆపాక దెబ్బతిన్నాను.

దిగిపోతున్న కొద్దీ వేడి పెరుగుతుందన్న సంగతి నాకు తట్టలేదు. బెంగళూరు 900 మీటర్ల ఎత్తు. హిందూపురం 600 పైచిలుకు. ధర్మవరం 350 లోపే. పొద్దున హిందూపురంలో బయల్దేరినప్పుడు గాలి హాయిగానే ఉంది. ధర్మవరంలో 11 గంటలకి కారు తలుపు తీస్తే ఇటుకబట్టీ ముందు నిలబడినట్టుంది. నాన్న పెళ్లి పత్రిక ఇవ్వడానికి పక్క వీధిలో చుట్టాలింటికి పోయాడు. నేను జున్నుతో కార్లోనే ఉన్నా, ఏసీ వేసుకుని. అమ్మ ఫోన్ చేసింది: “ఒక్కసారి లోపలికి వచ్చి రంగు చూసి పోరా, ఐదు నిమిషాలేనప్పా.”

వేపచెట్టు నీడలోనే పెట్టాను. నాలుగు అద్దాలూ రెండు వేళ్లంత దించాను. ఇంజన్ ఆపేశాను.

ఆ కొట్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఒక చీర తీస్తే దాని పక్కన ఇంకోటి పరుస్తారు. అంచు పెద్దదా చిన్నదా, జరీ ఎక్కువైందా... నేను తల ఊపి ఊపి ఫోన్ చూసుకుంటే 25 నిమిషాలైంది. బయటికి పరిగెత్తాను. నీడ పక్కనున్న ఆటో మీదికి జరిగింది. జున్ను సీటు కింద నక్కి ఉంది. నోట్లోంచి చిక్కటి చొంగ, చిగుళ్లు ఎర్రగా, ఎగశ్వాస. దింపితే కాళ్లు తడబడ్డాయి. పిలిస్తే నా వైపు కూడా చూడలేదు.

మనకైతే ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకి పట్టేది పాదాల కింద మెత్తల్లోనే, అదీ పేరుకే. వేడి పోవాలంటే నాలుక బయటపెట్టి వగర్చాలి, నోట్లో తడి ఆవిరవుతూ ఒళ్లు చల్లబడాలి. మూసిన కార్లో గాలే వేడెక్కి, ఆ ఆవిరితోనే నిండిపోతే ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది. పగ్, షిట్జు లాంటి చప్పిడి ముక్కు కుక్కలకైతే ఇంకా తొందరగా.

‘అద్దాలు దించాను కదా’ అని నేనూ అనుకున్నాను. 2005లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో వచ్చిన అమెరికా అధ్యయనం ఒకటుంది. కార్లలో వదిలేసిన చిన్నపిల్లల గురించి చేసింది. బయట 22 నుంచి 36 డిగ్రీల దాకా ఉన్న రోజుల్లో ఎండలో పెట్టిన కార్లో వేడి కొలిచారు. గంటలో సగటున 22 డిగ్రీలు పెరిగింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దాలు కాస్త దించినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంత చల్లటి రోజుల్లోనే అలాగైతే, ఏప్రిల్‌లో ధర్మవరం లెక్క మీరే వేసుకోండి.

ఆ రోజు జున్నుని కాపాడింది నేను కాదు. పక్కనున్న ఆటో అన్న. నేను టవల్ తడిపి కప్పబోతుంటే “కప్పొద్దు సామీ, పోయ్” అని క్యాన్ నీళ్లు తెచ్చి కడుపు మీద, తొడల మధ్య, కాళ్ల మీద పోశాడు. ముక్కులోకి పోకుండా తల పట్టుకోమన్నాడు. కొట్లో పిల్లోడు టేబుల్ ఫ్యాన్ బయటికి తెచ్చాడు. ఆటో అన్న చెప్పిందే సరైన పద్ధతని తర్వాత డాక్టరు కూడా అన్నారు. తడిబట్ట కప్పేసి వదిలేస్తే అది వేడెక్కి లోపలి వేడిని పోనివ్వదు. నీళ్లు, గాలి రెండూ ఆడాలి. ముందు చల్లబరచడం, ఆ తర్వాతే ఆస్పత్రికి పరుగు. నీళ్లు తనంతట తాను తాగితే తాగనివ్వాలి, నోట్లో బలవంతంగా పోయకూడదు.

పశువైద్యశాలకి చేరేసరికి ఇంకా 105 ఉంది. కుక్కకి మామూలుగా 101 నుంచి 102.5. సెలైన్ పెట్టి సాయంత్రం దాకా ఉంచారు. లేచి తిరుగుతున్నా ఒకట్రెండు రోజులు గమనించమన్నారు. వడదెబ్బకి కిడ్నీలు, లివరు దెబ్బతింటే పైకి వెంటనే కనపడదట. మా అమ్మ కొన్న చీరల సంచీ ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చుని ఏడ్చింది. నన్నొక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

తర్వాత చట్టం ఏమంటుందో వెతికాను. జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం, 1960. జంతువుని బాధపడేలా బండిలో తీసుకెళ్లినా నేరమే. మొదటి తప్పుకి జరిమానా 10 రూపాయల నుంచి 50 దాకా. ఆ రోజు కొట్లో మాకిచ్చిన కూల్‌డ్రింకుల ఖరీదు అంతకన్నా ఎక్కువ.

రైల్లో పోవచ్చు కదా అని కొందరన్నారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఒకే లైన్లో ఉన్నాయి, నిజమే. కానీ కుక్క మనతో కూర్చోవాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం బుక్ చేయాలి, లేదంటే బ్రేక్ వ్యానులో పెట్టెలో వేయాలి. 80 కిలోమీటర్లకి అదెందుకు?

ఇప్పుడు మా ఇంట్లో రూలు ఒకటే. జున్ను కార్లో ఉంటే మనిషీ కార్లో ఉండాలి, ఏసీ ఆడుతూ ఉండాలి. ఎండాకాలమైతే ఆరింటికల్లా రోడ్డెక్కాలి. మొన్న మళ్లీ ధర్మవరం పోయాం, ఈసారి రవికె గుడ్డలకి. కాపలా డ్యూటీ నాన్న తీసుకున్నాడు. అమ్మ రెండుసార్లు ఫోన్ చేసి రంగు చూడమంది. “కుక్క ఉందే, ఎట్లా వచ్చేది?” అన్నాడు, సీటు వెనక్కి వాల్చుకుని. ముప్పై ఏళ్లలో చీరల కొట్టు తప్పించుకోవడానికి ఆయనకి ఇంత గట్టి కారణం దొరకడం ఇదే మొదటిసారి.