కొత్త బండి సరే, రిపేరు ఎవరి చేతిలో?

కొత్త ఒక వింత, పాత ఒక రోత అని సామెత. హిమాలయన్ మోటారు సైకిల్ విషయంలో ఈ సామెత సగమే నిజమైంది. దూర ప్రయాణాలు చేసేవారి కోసం రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ తయారుచేసే ఈ బండిని 2023 నవంబరులో ఇంజను మొదలు చక్రాల వరకు మార్చి విడుదల చేశారు. నడిపేవారిలో కొందరు ఇన్నాళ్లకు సరైన బండి వచ్చిందని సంబరపడ్డారు. మరికొందరు పాత బండే మేలని పెదవి విరిచారు. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. ఈ బండి కొనే స్తోమత లేనివారు కూడా ఆలోచించవలసిన సంగతి ఒకటి అందులో ఉంది.

బుల్లెట్ బండి ఎరుగని పల్లె లేదు. సైన్యం కోసం 1955లో మద్రాసులో బుల్లెట్ల తయారీ మొదలుపెట్టిన సంస్థ వారసులే 2016లో హిమాలయన్‌ను తెచ్చారు. పేరుకు తగ్గట్టు అది కొండదారుల బండి. కన్యాకుమారి నుంచి కర్నూలు, హైదరాబాదు, ఆదిలాబాదు మీదుగా శ్రీనగర్ పోయే 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని లడఖ్ వరకు ఈ బండి మీద వెళ్లివచ్చిన తెలుగు కుర్రవాళ్లు చాలామందే ఉన్నారు. 17,500 అడుగులకు పైగా ఎత్తున ఉన్న ఖర్దుంగ్ లా కనుమ ఎక్కి ఫొటో దిగడం వారికి తీర్థయాత్ర వంటిది.

పాత బండి ఇంజను 411 సి.సి. గాలికి, ఆయిలుకు చల్లబడేది. బలం 24 హార్స్‌పవర్ పైచిలుకు. కొత్త ఇంజను 452 సి.సి., బలం దాదాపు 40 హార్స్‌పవర్. ట్రాక్టరుకు ఉన్నట్టే దీనికీ రేడియేటరు వచ్చింది. అయిదు గేర్లు ఆరయ్యాయి. 15 లీటర్ల ట్యాంకు 17 లీటర్లయింది. మీటరు స్థానంలో గుండ్రని తెర వచ్చి, సెల్‌ఫోనుతో కలిపితే దారి చూపిస్తుంది. ఇన్ని చేర్చినా బరువు పెరగలేదు. 199 కిలోల బండి 196 కిలోలకు దిగింది.

మెచ్చుకునేవారి వాదన తేలికగా తోసివేయదగింది కాదు. పాత బండి నాలుగు వరుసల రోడ్డు మీద గంటకు నూరు కిలోమీటర్లు దాటితే ఆయాసపడేది. వెనుక మనిషి, ఇరుపక్కలా సామాను ఉంటే లారీని దాటడానికి కూడా వెనకాముందు ఆలోచించవలసి వచ్చేది. కొత్త బండికి ఆ ఇబ్బంది లేదు. ముందు షాకులు, బ్రేకులు కూడా మెరుగుపడ్డాయి. రోజుకు అయిదారు వందల కిలోమీటర్లు పోయేవారికి ఒళ్లునొప్పులు తగ్గడం చిన్న విషయం కాదు.

పాత బండిని వదలలేనివారి మాట వేరు. పాతది ఎద్దు వంటిది, కొత్తది గుర్రం వంటిది అనుకుంటే వారి బాధ అర్థమవుతుంది. పాత ఇంజను తక్కువ చుట్లలోనే, అంటే నిమిషానికి నాలుగు వేలు, నాలుగున్నర వేల మధ్యనే పూర్తి లాగుడు చూపేది. రాళ్లలో, బురదలో నడక వేగంతో పోతున్నా ఆగిపోయేది కాదు. కొత్త ఇంజనుకు ఆ లాగుడు పూర్తిగా రావాలంటే అయిదున్నర వేల చుట్లు తిరగాలి. అందువల్ల మెల్లగా పోయేచోట మాటిమాటికీ గేరు మార్చవలసి వస్తోందని వారంటున్నారు. సీటు ఎత్తు 800 మిల్లీమీటర్ల నుంచి 825కు పెరగడంతో పొట్టివారికి రెండు కాళ్లూ నేలకు ఆనడం కష్టమైంది.

చక్రాల సంగతి మరొకటి. విడుదలైన నాటి బండికి పుల్లల చక్రాలు, వాటిలో ట్యూబులు ఉన్నాయి. ట్యూబు టైరుకు మేకు గుచ్చుకుంటే చక్రం విప్పి, ట్యూబు తీసి, అతుకు వేస్తే గాని బండి కదలదు. ట్యూబు లేని టైరుకైతే చక్రం విప్పకుండానే పది నిమిషాల్లో ప్లగ్గు దిగేసి పోవచ్చు. ఇంత ఖరీదు పెట్టి, మనుషులు లేని దారుల్లో పోయే బండికి ఆ సౌకర్యం ఎందుకు ఉండకూడదని నడిపేవారు గట్టిగా అడిగారు. పుల్లల రంధ్రాల గుండా గాలి పోని చక్రాలను కంపెనీ 2024లో అదనపు ధర మీద ఇవ్వడం మొదలుపెట్టింది. నోరు విప్పి అడిగితే ఫలితం ఉంటుందనడానికి ఇదొక నిదర్శనం.

కాని అన్నిటికంటే బరువైన సందేహం బలం గురించో ఎత్తు గురించో కాదు. దారిలో ఆగిపోతే ఎవరు బాగుచేస్తారన్నదే. పాత బండిలో యాక్సిలరేటరుకు ఉక్కు కేబులు ఉండేది. అది తెగితే కంటికి కనబడేది, పల్లెలో సైకిలు షాపువాడు కూడా ఏదో ఒక తీగతో తాత్కాలికంగా బండి నడిపించి పంపగలిగేవాడు. కొత్త బండిలో ఆ కేబులు లేదు. పిడి తిప్పితే సెన్సారు ఆ సంగతి కంప్యూటరుకు చెబుతుంది, కంప్యూటరు ఇంజనుకు పెట్రోలు, గాలి పంపిస్తుంది. ఆ సెన్సారు మొరాయిస్తే పానా, స్క్రూడ్రైవరు ఏమీ చేయలేవు. పరీక్షించే యంత్రం కావాలి, అది కంపెనీ సర్వీసు సెంటరులో ఉంటుంది. కేబులు తెగిన బండికి సాయం చేయగల మనిషి ప్రతి ఊళ్లోనూ దొరికేవాడు. సెన్సారు చెడిన బండిని పట్నానికి చేర్చాలంటే ఆటో ట్రాలీ మాట్లాడుకోవాలి.

ఇందుకు యంత్రాన్ని నిందించి లాభం లేదు. కొండ ఎక్కే కొద్దీ గాలి పలుచబడుతుంది. కార్బురేటరు అది గ్రహించలేక ఎప్పటిలాగే పెట్రోలు పోస్తుంది, ఇంజను ఉక్కిరిబిక్కిరవుతుంది. గాలిని కొలిచి పెట్రోలు తగ్గించే తెలివి కంప్యూటరుకు ఉంది. పొగ తగ్గాలన్నా అదే దారి. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.6 నిబంధన వచ్చాక కొత్త మోటారు సైకిళ్లలో కార్బురేటరు దాదాపు కనుమరుగైంది. బండి వెనుక పసిబిడ్డను ఎత్తుకుని కూర్చునే తల్లికి ఆ పొగ తగ్గడం మేలే. కనుక పాత రోజులు రావాలని కోరడం తెలివి కాదు.

అయితే ఒక తేడా గమనించాలి. పరికరం మారడం వేరు, దాన్ని బాగుచేసే జ్ఞానాన్ని ఒక్కచోటే దాచిపెట్టడం వేరు. మొదటిది తప్పదు. రెండోది తప్పించదగినదే. దూరాలు తిరగడానికని అమ్మే బండికి పట్నంలో మాత్రమే వైద్యం దొరకడం విడ్డూరం. హిమాలయన్ కొన్నవారు ఊరికి ఒకరైనా ఉండకపోవచ్చు. కాని పొలానికి ఎరువు బస్తా మోసుకుపోయే నూరు సి.సి. బండిలో కూడా ఇప్పుడు సెన్సారులున్నాయి, కంప్యూటరు ఉంది. లడఖ్ దారిలో ఆగిన యువకుడి అవస్థే, నాట్ల రోజున పొలం గట్టు మీద బండి ఆగిన రైతుకూ ఉంటుంది. యువకుడిది సెలవు ప్రయాణం, రైతుకు మాత్రం ఆ రోజు కూలీల ఖర్చు మీద పడుతుంది.

మరోవైపు మండల కేంద్రంలో చెట్టు కింద షెడ్డు వేసుకుని ఇరవై ఏళ్లుగా బళ్లు బాగుచేస్తున్న మెకానిక్కు సంగతి చూడాలి. చప్పుడు విని జబ్బు చెప్పగల చేతివాటం అతనిది. కొత్త బండి వస్తే, నాకు తెలియదు, షోరూముకు పొమ్మని చెప్పవలసి రావడం అతనికి అవమానమే కాదు, నెమ్మదిగా జీవనాధారం పోవడం. అతనికి తెలివి తక్కువై కాదు, చెప్పినవారు లేకనే ఈ స్థితి.

కేంద్ర ప్రభుత్వం ఈ సమస్యను గుర్తించకపోలేదు. కొనుక్కున్న వస్తువును నచ్చినచోట బాగుచేయించుకునే హక్కు గురించి 2022 జులైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ ఒక కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మోటారు వాహనాలు కూడా దాని పరిధిలో ఉన్నాయి. ఆ ఏడాది డిసెంబరులో కంపెనీలు రిపేరు వివరాలు, విడిభాగాల సమాచారం ఉంచడానికి ఇంటర్నెట్‌లో ఒక వేదికను కూడా ప్రారంభించారు. మంచిదే. కాని వేదిక చట్టం కాదు. అందులో ఉంచిన సమాచారం తెలుగులో లేకపోతే మండలంలోని మెకానిక్కుకు అది ఉన్నా లేనట్టే.

చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. ప్రతి కంపెనీ తన బండి రిపేరు పుస్తకాన్ని తెలుగులో అచ్చు వేసి అందరికీ అమ్మాలి. పరీక్షించే యంత్రాన్ని బయటి మెకానిక్కులు కూడా న్యాయమైన ధరకు కొనుక్కోనివ్వాలి. ఐ.టి.ఐ.లలో కుర్రవాళ్లకు పాఠాలు చెప్పడంతో సరిపెట్టకుండా, ఇప్పటికే షెడ్లు నడుపుతున్నవారికి సాయంకాలాలు నాలుగు వారాల శిక్షణ పెట్టాలి. కొత్త మోడలు వచ్చినప్పుడు పట్నంలో పాటలు పెట్టి పండుగ చేసే డీలర్లు, మండలానికి ఒక రోజు వచ్చి మెకానిక్కులకు ఇంజను విప్పి చూపిస్తే వారి అమ్మకాలూ పెరుగుతాయి.

కొనేవారి బాధ్యత కూడా లేకపోలేదు. షోరూములో రంగు, వేగం, మైలేజీ అడిగేవారు, దగ్గర్లో దీన్ని ఎవరు బాగుచేస్తారు, విడిభాగం ఎన్ని రోజుల్లో వస్తుంది అని కూడా అడగాలి. నడిపేవారు పట్టుబట్టి అడిగితే ట్యూబు లేని చక్రాలు వచ్చాయి. రిపేరు జ్ఞానం కూడా అలాగే అడిగి తెచ్చుకోవాలి.