నాలుక మీద పుండు... ఎన్నాళ్లుగా?

‘వేడి చేసింది నాయనా, మజ్జిగ తాగు’. నోట్లో పుండంటే మన ఇళ్లల్లో మొదట వచ్చే మాట ఇదే. తప్పులేదు. చాలా పుళ్లు వారం, పది రోజుల్లో వాటంతటవే మానిపోతాయి. మానని పుండు సంగతే వేరు.

అమెరికాలోని ఒక్లహోమాలో షాన్ మార్సీ అని ఓ కుర్రాడుండేవాడు. పరుగు పందేల్లో పతకాల మీద పతకాలు. పన్నెండో ఏట నుంచీ పొగాకు పొడి నోట్లో పెట్టుకునే అలవాటు. 1983లో నాలుక మీద పుండు లేచింది. తల్లి నర్సు. అయినా ఏం లాభం? ఆపరేషన్ల మీద ఆపరేషన్లు జరిగాక 1984 ఫిబ్రవరిలో, పందొమ్మిదేళ్లకే కన్నుమూశాడు. తల్లి కంపెనీ మీద కేసు వేసి ఓడిపోయింది.

అమెరికా గొడవ మనకెందుకంటారా? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల... ఏ బస్టాండు దగ్గరైనా బంకుల వైపు ఒకసారి చూడండి. మన రాష్ట్రంలో గుట్కాను 2013లోనే నిషేధించారు. దాంతో పాన్‌మసాలా ఒక పొట్లం, పొగాకు ఇంకో పొట్లం అయ్యాయి, కలుపుకోవడం కొన్నవాడి పని! పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు పొగాకు అమ్మరాదని, బడికి వంద గజాల్లో అమ్మరాదని 2003 చట్టం చెబుతోంది. ఆ దూరం కొలిచేదెవరు? పొగాకు లేని వక్కపొడి మంచిదేలే అనుకోకండి. వక్క కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఇరవై ఏళ్ల కిందటే తేల్చారు.

ప్రభుత్వం చేయించే నోటి పరీక్షలు ముఖ్యంగా ముప్పై ఏళ్లు దాటినవారి కోసం. మరి ఇరవై రెండేళ్ల పిల్లాడి నోరు చూసేదెవరు? ఇంట్లోవాళ్లే. ఏ అలవాటూ లేని ఆడపిల్లలకూ అరుదుగానైనా ఈ జబ్బు వస్తోంది కాబట్టి, ‘మావాడు ముట్టడు’ అని ధీమా వద్దు. నాలుక పక్కన పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ రెండు మూడు వారాలైనా తగ్గకపోతే బి-కాంప్లెక్స్ బిళ్లలతో కాలం గడపకుండా డాక్టరుకు చూపించాలి. కడప రిమ్స్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. ముక్క తీసి పరీక్షిస్తే రోగం పాకుతుందన్నది ఒట్టి భయం. తొలిదశలో పట్టుకుంటే చాలామందికి ఒక్క ఆపరేషన్‌తో నయమవుతుంది.

ఒకప్పుడు జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేసిన పులివెందుల వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో, 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ. పేదలకు క్యాన్సర్ వైద్యం అందులో ఉంది. డబ్బుకు ఏదో దారి దొరుకుతుంది, పోయిన నెలలే తిరిగి రావు.

ఈ రాత్రి అన్నం పెట్టేటప్పుడు అబ్బాయిని నోరు తెరవమనండి. వాడి మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పట్టాలి. పట్టలేదా, రేపే బయల్దేరండి.