ఎయిర్‌పోర్టులో గొడవైతే ఫోన్ తీయొచ్చా? తీసే హక్కు వేరు, ఊరేగించే హక్కు వేరు



ఈమధ్య మన పిల్లలు కూడా విమానాలు ఎక్కుతున్నారు. ఢిల్లీలో కోచింగ్, హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ, సెంట్రల్ యూనివర్సిటీలో అడ్మిషన్... రైల్లో టికెట్ దొరక్కపోతే అప్పో సప్పో చేసి విమానం టికెట్ కొంటున్నాం. మన ఇళ్ళల్లో చాలావరకు విమానం ఎక్కే మొదటి మనిషి మనమే. ముందు వెళ్ళొచ్చి "ఇక్కడ ఇలా అడుగు, అక్కడ అలా నిలబడు" అని చెప్పే పెద్దవాళ్ళు లేరు. అలాంటప్పుడు కౌంటర్ దగ్గర "నువ్వు లేట్, ఫ్లైట్ క్లోజ్ అయిపోయింది" అన్నా, "బ్యాగ్‌కి ఇంకో రెండువేలు కట్టు" అన్నా, మనం నోరు మూసుకుని పక్కకి వచ్చేస్తాం. ఎవరైనా ధైర్యం చేసి ఫోన్ తీస్తే వెంటనే వచ్చే మాట ఒకటే: "వీడియో తీయకూడదు, సెక్యూరిటీని పిలుస్తా."

నిజంగా తీయకూడదా? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనతో జరుగుతున్న గొడవను మన ఫోన్‌లో రికార్డ్ చేసుకునే హక్కు మనకి ఉండాలి, దాన్ని రూల్‌లో స్పష్టంగా రాయాలి. కానీ ఆ వీడియోని నెట్‌లో పెట్టి ఒక మనిషి ముఖాన్ని ఊరేగించడం హక్కు కాదు. ఈ రెండిటినీ కలిపేయడం వల్లే మన మాట బలహీనపడుతోంది.

నేను ఉండేది మల్కాపురంలో. ఇటు డాక్‌యార్డు, అటు రిఫైనరీ, ఇంకోపక్క షిప్‌యార్డు. గోడల మీద "ఫోటోలు తీయరాదు" అనే బోర్డులు చూస్తూ తిరిగే ఊరు ఇది. ఆ బోర్డులు ఊరికే పెట్టినవి కావు. 2019 డిసెంబరులో 'ఆపరేషన్ డాల్ఫిన్స్ నోజ్' పేరుతో మన రాష్ట్ర పోలీసులు పట్టుకున్న గూఢచర్యం కేసులో ఏడుగురు నేవీ ఉద్యోగులు అరెస్టయ్యారు. ఆ తర్వాత నేవీ తన స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లనే నిషేధించింది. విశాఖ ఎయిర్‌పోర్టు కూడా నేవీ వాళ్ళ ఐఎన్ఎస్ డేగా స్థావరంలోనే ఉంది. రన్‌వే నేవీది, మనం వెళ్ళే టెర్మినల్ పౌరులది. కాబట్టి రన్‌వే వైపు, నేవీ హెలికాప్టర్ల వైపు, సీఐఎస్ఎఫ్ తనిఖీల దగ్గర కెమెరా పెట్టొద్దంటే అది న్యాయమే. అక్కడ వాదించకండి. 2025 మేలో డీజీసీఏ కూడా రక్షణ స్థావరాల్లో దిగే, ఎగిరే విమానాల్లోంచి ఫోటోలు తీయొద్దని గట్టిగా చెప్పింది.

కానీ చెక్-ఇన్ కౌంటర్ సంగతి వేరు. అదే టెర్మినల్లో కుటుంబాలు సెల్ఫీలు దిగుతాయి, రీల్స్ చేస్తాయి. ఎవరూ ఏమీ అనరు. ప్రయాణికుడు నవ్వుతూ తీస్తే భద్రతకు ముప్పు లేదు. అదే ప్రయాణికుడు "నా టికెట్ ఎందుకు రద్దు చేశారు?" అని అడుగుతూ తీస్తే మాత్రం దేశభద్రత గుర్తొస్తుంది. ఇది భద్రత కాదు మిత్రులారా, జవాబుదారీ నుంచి తప్పించుకోవడం.

చట్టం ఏమంటోంది? 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో 13వ రూల్ ఉంది. ప్రభుత్వ విమానాశ్రయంలో గానీ, ఎగిరే విమానంలోంచి గానీ అనుమతి లేకుండా ఫోటోలు తీయకూడదని దాని సారాంశం. బ్రిటిష్ వాళ్ళ కాలం రూల్. 2020 సెప్టెంబరులో చండీగఢ్ నుంచి ముంబై వెళ్ళే విమానంలో ఒక సినిమా నటి చుట్టూ మీడియా వాళ్ళు ఎగబడ్డారు. అప్పుడు డీజీసీఏ, విమానంలో ఈ రూల్ ఉల్లంఘన జరిగితే ఆ రూట్‌లో ఆ విమానాన్ని రెండు వారాలు ఆపేస్తామని హెచ్చరించింది. మర్నాడే మళ్ళీ వివరణ ఇచ్చింది: 2004 నాటి సర్క్యులర్ ప్రకారం మామూలు ప్రయాణికులు విమానంలో ఫోటో, వీడియో తీసుకోవచ్చు, గందరగోళం సృష్టించేలా, విమాన నిర్వహణకు అడ్డొచ్చేలా, సిబ్బంది వద్దన్నాక మాత్రం తీయకూడదు. అదంతా విమానం లోపలి సంగతి. కౌంటర్ దగ్గర గొడవ గురించి ఆ వివరణలో ఒక్క మాట లేదు. ఆ ఖాళీలోనే కౌంటర్ అవతల ఉన్నవాళ్ళు తమకు తోచిన రూల్ చెప్పేస్తున్నారు.

మరి రికార్డింగ్ అంత అవసరమా అంటారా? మన విశాఖ ఎయిర్‌పోర్టులోనే చూద్దాం. 2017 జూన్ 15న అప్పటి అనంతపురం ఎంపీ జేసీ దివాకర్ రెడ్డి గారికి ఇండిగో వాళ్ళు ఆలస్యమైందని బోర్డింగ్ పాస్ ఇవ్వలేదు. ఆయన కోపంతో కౌంటర్లో ప్రింటర్‌ని విసిరేయడం సీసీ కెమెరాలో రికార్డయింది. ఆ దృశ్యాలు టీవీల్లో వచ్చాయి, విమాన సంస్థలు ఆయన్ని ఎక్కించుకోబోమన్నాయి. ఎంపీ అంతటివాడి ముందు ఒక మామూలు కౌంటర్ ఉద్యోగి మాట నిలబడిందంటే దానికి కారణం కెమెరా. మంచిదే. కానీ ఆ కెమెరా ఎవరి చేతిలో ఉంది? మన చేతిలో లేదు. రేపు తప్పు అటువైపు జరిగితే ఆ ఫుటేజీ మనం అడగ్గానే ఇస్తారా? ప్రయాణికుడి చేతిలో ఉండే కెమెరా అతని ఫోన్ ఒక్కటే.

రాంచీ సంగతి చూడండి. 2022 మే 7న రాంచీ నుంచి హైదరాబాద్ రావాల్సిన ఇండిగో విమానంలో ప్రత్యేక అవసరాలున్న ఒక పిల్లాడిని ఎక్కించుకోలేదు. పిల్లాడు భయాందోళనలో ఉన్నాడని సంస్థ చెప్పింది. తోటి ప్రయాణికురాలు ఒకామె అక్కడ జరిగిందంతా రాసి పెట్టింది, వీడియో దేశమంతా చూసింది. విచారణ చేసిన డీజీసీఏ, సిబ్బంది కాస్త దయగా ఉంటే పిల్లాడు నెమ్మదించేవాడని తేల్చి, మే 28న సంస్థకు 5 లక్షల జరిమానా వేసింది. ఆ జులైలో రూల్ కూడా మారింది: వైకల్యం పేరు చెప్పి ఎవరినైనా ఆపాలంటే ముందు డాక్టర్ చూడాలి. చూసినవాళ్ళు ఊరుకుని ఉంటే అది ఒక కుటుంబం కన్నీళ్ళతో ముగిసిపోయేది.

ఢిల్లీలో 2017 అక్టోబరు 15న ఒక ప్రయాణికుడిని ఇండిగో గ్రౌండ్ సిబ్బంది కింద పడేసి అదిమిపట్టారు. నవంబరు 7న వీడియో బయటికి వచ్చేదాకా, అంటే మూడు వారాలకు పైగా, దేశానికి ఆ సంగతే తెలీదు. ఆ వీడియో తీసింది సంస్థ ఉద్యోగే. అతని ఉద్యోగం పోయింది. గొడవను రెచ్చగొట్టింది అతనేనని సంస్థ చెప్పింది. ఏది ఎలా ఉన్నా, వీడియో వచ్చాకే బహిరంగ క్షమాపణ వచ్చింది. అమెరికాలో అదే ఏడాది ఏప్రిల్‌లో షికాగోలో యునైటెడ్ విమానం నుంచి ఒక డాక్టర్‌ని ఈడ్చుకెళ్ళినప్పుడూ అంతే. తోటి ప్రయాణికుల ఫోన్లే సాక్ష్యం.

ఇక మన సంగతి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్) ఉన్నాయి. ఎస్టీ అని తెలిసి కావాలని అవమానించినా, కులం పేరుతో తిట్టినా, అది నలుగురూ చూసేచోట జరిగి ఉండాలి. నాలుగు గోడల మధ్య సాక్షులు లేకుండా జరిగితే ఈ సెక్షన్ వర్తించదని 2020లో సుప్రీంకోర్టు హితేష్ వర్మ కేసులో చెప్పింది. ఎయిర్‌పోర్టు హాలు నలుగురూ చూసేచోటే. కానీ ఆ నలుగురూ గంటలో నాలుగు ఊళ్ళకి ఎగిరిపోతారు! ఎవర్ని సాక్షిగా తెస్తాం? ఫోనే మన సాక్షి. అదే చట్టంలో సెక్షన్ 15ఏ(10) ఈ నేరాల విచారణ ప్రక్రియను వీడియో తీయాలంటోంది. అంటే మన మాట నిలబడాలంటే కెమెరా కావాలని పార్లమెంటుకే తెలుసు. ఒక జాగ్రత్త: కౌంటర్లో విసుక్కున్న ప్రతి మాటా అట్రాసిటీ కాదు. చట్టాన్ని చిన్నదానికి వాడితే పెద్దదానికి పనికిరాకుండా పోతుంది.

ఇప్పుడు రెండోవైపు. కౌంటర్లో నిలబడ్డ అమ్మాయి విమాన కంపెనీ కాదు. చాలాచోట్ల ఆమె కాంట్రాక్టు ఉద్యోగి. టికెట్లు సీట్లకంటే ఎక్కువ అమ్మింది ఆమె కాదు, బ్యాగ్ రేటు పెట్టింది ఆమె కాదు. తిట్లు మాత్రం ఆమెకే. రేపు మన చెల్లెలే డిగ్రీ అయ్యాక ఆ యూనిఫాం వేసుకోవచ్చు. ఆమె ముఖం మీద ఫోన్ పెట్టి, పేరు బ్యాడ్జి జూమ్ చేసి, రాత్రికి ఇన్‌స్టాలో వదిలితే, వేలమంది బూతులు రాస్తే, కంపెనీకి ఏమీ కాదు. ఆ అమ్మాయి ఉద్యోగం పోతుంది, నిద్ర పోతుంది.

కెమెరా ఎదుట నిలబడితే ఎలా ఉంటుందో మనకి వేరేవాళ్ళు చెప్పక్కర్లేదు. అరకు సంతలో, లంబసింగి రోడ్డు మీద టూరిస్టులు మన అవ్వల్ని అడక్కుండా ఫోటోలు తీసుకుపోతుంటే మనకి కడుపు మండదా? 2012లో అండమాన్‌లో జారవా ఆడపిల్లల్ని తిండి ఆశ చూపించి డాన్స్ చేయించిన వీడియో బయటపడినప్పుడు దేశం సిగ్గుపడింది. బలవంతుడు బలహీనుడి మీద పెట్టే కెమెరా అది. కౌంటర్ దగ్గర మనం పట్టుకునేది దానికి ఎదురుతిరిగిన కెమెరా. అయినా దాని ముందు ఉన్నదీ మనిషే. అవ్వ ఫోటో విషయంలో మనం కోరే మర్యాద ఆ అమ్మాయికీ ఇవ్వాలి.

అందుకే ఆచరణలో నేను చెప్పేది ఇది:

1. ముందు మాటతో అడగండి. "మేడమ్, కారణం రాసివ్వండి" అనండి. ఎక్కువ టికెట్లు అమ్మి మిమ్మల్ని ఆపేస్తే, వేరే విమానం గంటలోపు ఇవ్వకపోతే పరిహారం ఇవ్వాలి: 24 గంటల్లోపు పంపితే 10,000 దాకా, అది దాటితే 20,000 దాకా. కౌంటర్లో బోర్డింగ్ పాస్‌కి అదనంగా డబ్బులు అడగకూడదని 2022 జులైలోనే పౌర విమానయాన శాఖ చెప్పింది. ఈ ముక్కలు తెలిసుంటే సగం గొడవలు ఫోన్ తీయకుండానే తీరిపోతాయి.

2. తీసేటప్పుడు చెప్పి తీయండి. "నా ఫిర్యాదు కోసం రికార్డ్ చేసుకుంటున్నాను" అనండి. ఫోన్ ఛాతీ దగ్గర పెట్టుకోండి, ముఖంలో పెట్టకండి. మాటలు, టైము, కౌంటర్ బోర్డు, మీ టికెట్ వస్తే చాలు.

3. విమానం లోపల సిబ్బంది ఆపమంటే, తనిఖీల దగ్గర సీఐఎస్ఎఫ్ ఆపమంటే ఆపేయండి. 2017 సెప్టెంబరు రూల్స్ ప్రకారం గొడవ చేసే ప్రయాణికుడని ముద్ర వేస్తే మాటల తగాదాకే 3 నెలల దాకా నిషేధం పడొచ్చు. అది తేల్చేది రిటైర్డ్ జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీ. మీరు శాంతంగా మాట్లాడిన వీడియో అక్కడ మీకే రక్షణ.

4. అసలు ఫైల్ చెరిపేయకండి, ఎడిట్ చేయకండి. వాట్సాప్‌లో పంపిన కాపీ ఒక్కటే ఉంచుకుంటే చాలదు. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ కావాలి, అసలు ఫోన్ ఉంటే పని సులువు.

5. ముందు ఫిర్యాదు: విమాన సంస్థకి, తర్వాత ఎయిర్‌సేవలో, 1915 నంబరుకి. కదలకపోతే మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి. 2019 చట్టం ప్రకారం కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మనం ఉండేచోటే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. ఎక్కడా వినకపోతే అప్పుడు జనం ముందుకు, అదీ ముఖాలు కనపడకుండా.

మన సంఘాలు ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా ఉంది. చెక్-ఇన్ కౌంటర్ దగ్గర తన సొంత గొడవను ప్రయాణికుడు రికార్డ్ చేసుకోవచ్చని డీజీసీఏ ఒక్క వాక్యం రాయాలి. ఎక్కడ తీయకూడదో గీత గీసి తెలుగులో బోర్డు పెట్టాలి. గొడవైన ప్రయాణికుడు అడిగితే ఆ కౌంటర్ సీసీ ఫుటేజీ గడువులోగా ఇవ్వాలి. సంస్థ కెమెరా సంస్థకే సాక్ష్యమైతే అది న్యాయం కాదు.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టుకి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. మన మన్యం జనాన్ని వెంటబెట్టుకుని 1922 నుంచి 1924 దాకా తెల్లవాడితో పోరాడిన మనిషి పేరు. అది నేవీ స్థావరం కాదు. అక్కడ కౌంటర్ దగ్గర "ఇది డిఫెన్స్ ఏరియా" అనే మాట చెల్లదు. ఆ పేరున్న గేటులోంచి మన పిల్లలు తలదించుకుని వెళ్ళకూడదు. అలాగని ఇంకొకరి తల వంచి రాకూడదు కూడా.

మీలో ఎవరికైనా ఇలాంటి అనుభవం ఉంటే రాయండి. సంస్థ పేరు, ఉద్యోగి పేరు, ముఖం అక్కర్లేదు. ఏ తేదీ, ఏం అడిగారు, ఏం చెప్పారు అన్నది చాలు. పది అనుభవాలు పోగైతే అర్జీ రాద్దాం.

జై ఆదివాసీ. జోహార్.