సున్నా అంటే ఏ సున్నా?

దసరాకి గోదావరిఖని వెళ్తే ఆఫీసు పని అక్కడికీ వెంటబడింది. రామగుండం స్టేషన్‌లో రైలు దిగి ఇంటికెళ్లానో లేదో, ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాను. ఒక కోల్డ్ స్టోరేజీలో అమ్మోనియా లీకైతే పసిగట్టే సెన్సర్లున్నాయి. వాటి రీడింగులు తెర మీద చూపించే ప్రోగ్రామ్ నేను రాసిందే. వరసగా పచ్చ గళ్లు, ప్రతి గడిలో సున్నా. బాపు చాయ్ తాగుతూ వెనక నుంచి చూశాడు.

“గీ సున్నాలేంది బిడ్డా?”

“గ్యాసు లేదని బాపూ.”

“లేదనా? లేకుంటే ఉన్నదో లేదో తెల్వదనా?”

నవ్వి ఊరుకున్నాను. ఇంజినీరింగ్ చదివింది నేను కదా!

బాపు బొగ్గు బాయిలో మైనింగ్ సర్దార్‌గా చేసి రిటైరయ్యాడు. కార్మికులు పనిలోకి దిగకముందే తిరిగి, పైకప్పు గట్టిగా ఉందా, గ్యాసు ఉందా అని చూసి చెప్పాల్సిన మనిషి సర్దార్. అప్పట్లో ఆయన చేతిలో ఉండేది జాలీ దీపం, 1815లో హంఫ్రీ డేవీ చేసిన దీపానికి వారసురాలు. వత్తి బాగా తగ్గించి చూస్తే, మీథేన్ ఉన్నచోట మంట మీద నీలంగా చిన్న టోపీ కనిపిస్తుంది. టోపీ ఎత్తును బట్టి ఎంత శాతమో చెప్పేవాళ్లు. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. అది 16 దాకా పడిపోతే దీపం ఆరిపోతుంది. ఆరిన దీపం మీద టోపీ కనిపించదు. అంతమాత్రాన గ్యాసు లేదనుకుని ముందుకెళ్లే సర్దార్ ఎవరూ ఉండరు. దీపం ఆరితే వెనక్కి రావడమే.

సెలవులై వచ్చిన మూడో వారంలో ఆ కోల్డ్ స్టోరేజీ నుంచి ఫోన్. ఒక సెన్సర్ కేబుల్‌ని ఎలుకలు కొరికేశాయి, రెండు రోజులైంది. ఆ రెండు రోజులూ నా తెర మీద ఆ గడి పచ్చగా, సున్నాతో వెలుగుతూనే ఉంది. రీడింగ్ రాకపోతే గ్రాఫు తెగిపోయి అసహ్యంగా ఉంటుందని, ఆ ఖాళీలో సున్నా వెయ్యమని నేనే రాశాను. ఒక్క లైను కోడ్. అదృష్టం, అమ్మోనియా లీకవలేదు. అక్కడి టెక్నీషియన్ గోడ పక్కగా నడుస్తూ తెగిన తీగ చూశాడు కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చెవిలో బాపు అడిగిన మాటే.

మర్నాటి నుంచి, కాలేజీలో మార్కుల కోసం చదివి వదిలేసిన పాఠం మళ్లీ తీశాను. గనుల్లో మీథేన్ కొలిచే పరికరాల్లో ఎక్కువగా వాడేవాటిలో రెండు చిన్న పూసలుంటాయి, ఒక్కోదాని లోపల సన్నని ప్లాటినం తీగ. ఒక పూసకి మీథేన్‌ని మండించే పూత ఉంటుంది, రెండోదానికి ఉండదు. గ్యాసు తగిలితే మొదటి పూస వేడెక్కి, తీగ నిరోధం పెరుగుతుంది. ఆ తేడా పట్టేది, ఇంటర్‌లో మనమంతా బట్టీ పట్టిన వీట్‌స్టన్ బ్రిడ్జే. బయటికొచ్చేది మాత్రం కొన్ని మిల్లీవోల్టులు. గోడ గడియారంలో వేసే సెల్లు 1500 మిల్లీవోల్టులు, పోల్చుకోండి. పక్కనే పెద్ద మోటార్లు తిరుగుతుంటాయి, వాటి గోల తీగల్లోకి ఎక్కుతుంది. ఆ గోలని వడకట్టి, సన్నటి సంకేతాన్ని పెంచి, దూరం పంపగలిగేలా చెయ్యడాన్నే సిగ్నల్ కండిషనింగ్ అంటారు.

దూరం పంపేటప్పుడు చాలాచోట్ల వోల్టేజీగా కాక కరెంటుగా పంపుతారు, 4 నుంచి 20 మిల్లీయాంపుల మధ్య. తీగ పొడుగైతే వోల్టేజీ తగ్గిపోతుంది, కరెంటు అలా తగ్గదు. పరికరం 5 శాతం దాకా కొలిచేదైతే, గ్యాసు లేనప్పుడు 4, 5 శాతానికి 20. మన గనుల నిబంధనల ప్రకారం 1.25 శాతం దాటితే అక్కడి కరెంటు తీసెయ్యాలి. అది 8 మిల్లీయాంపులు. మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే, ఒక్క నిప్పురవ్వ చాలు.

మరి సున్నాకి సున్నా పెట్టక 4 ఎందుకు పెట్టారు? బాపు ప్రశ్నకి జవాబు అదే. 4 వస్తే గ్యాసు లేదు. ఏమీ రాకపోతే తీగ తెగింది. లేదనడం వేరు, తెలియదనడం వేరు. ఆ తేడా తీగలోనే పెట్టారు పెద్దలు. దాన్ని తీసుకెళ్లి నేను కోడ్‌లో చెరిపేశాను.

అక్కడితో అయిపోలేదు. సిలికోన్ ఆవిరి లాంటివి తగిలితే ఆ పూస పూత చచ్చిపోతుంది. గ్యాసున్నా మండదు, వేడెక్కదు. తీగ బాగానే ఉంటుంది, 4 మిల్లీయాంపులు చక్కగా వస్తూనే ఉంటాయి. ఇది మూడో సున్నా, అన్నిటికంటే చెడ్డది. దీన్ని పట్టడానికి ఒకటే దారి: ఎంత శాతమో ముందే తెలిసిన గ్యాసుని సిలిండర్ నుంచి సెన్సర్‌కి పట్టించి, సరిగ్గా చెబుతోందా అని చూడటం. సింగరేణి భూగర్భ గనుల్లో ఎక్కువ భాగం గ్యాసు తక్కువున్నవే. అంటే అక్కడ సున్నా రోజూ కనిపించే అంకె. రోజూ కనిపించేదాన్ని ఎవరు అనుమానిస్తారు? అందుకే ఆ పరీక్ష తప్పించకూడదు.

కొలిచే తీగే రవ్వ పుట్టించకూడదు కూడా. 1913 అక్టోబర్ 14న వేల్స్‌లోని సెంగెనిడ్ గనిలో పేలుడుకి 439 మంది కార్మికులు చనిపోయారు. గంట మోగించే సిగ్నల్ పరికరాల నుంచి వచ్చిన రవ్వ మీద అనుమానపడ్డారు. తీగ తెగినా, ఒకదానికొకటి తగిలినా గ్యాసు అంటుకోనంత తక్కువ శక్తితో పరికరాలు చెయ్యాలనే పద్ధతి ఆ తర్వాతి పరిశోధనల్లోంచే వచ్చింది.

నా కోడ్ మార్చాను. రీడింగ్ రాకపోతే ఇప్పుడు గడి బూడిద రంగులోకి మారి “తెలియదు” అంటుంది, అలారం కూడా మోగుతుంది. ప్రతి సెన్సర్ కింద చివరిసారి గ్యాసు పట్టించి చూసిన తేదీ ఉంటుంది. గ్రాఫు మధ్యలో తెగి అసహ్యంగానే ఉంది, ఉండనీ. పైవాళ్లకి తప్పు నాదేనని చెప్పాను. తిట్లు పడ్డాయి, కానీ ఉద్యోగం ఉంది.

సంక్రాంతికి బాపుకి కొత్త తెర చూపించాను. కళ్లజోడు పెట్టుకుని ఆ తేదీలన్నీ వేలితో వరసగా చదివాడు. ఒకచోట ఆగాడు.

“గిది రెండు నెలలాయె. ఫోన్ కొట్టు బిడ్డా.”

కొట్టాను.