సంతకం పెట్టాక 14 రోజులు

జర్మనీలో శీతాకాలపు సెమిస్టరు మొదలై, కొత్తగా వచ్చిన పిల్లలు గదుల్లో కాస్త కుదురుకునే వేళకు మన సంఘం ఫోను మోగడం మొదలవుతుంది. ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తున్న మాట ఒకటే: “అన్నా, ఏదో సంతకం పెట్టేశాను. ఇప్పుడేం చెయ్యాలి?”

జరిగేది దాదాపు ఒకేలా ఉంటుంది. సాయంత్రం పూట ఎవరో తలుపు తడతారు. మెడలో కార్డు, చేతిలో ట్యాబ్లెట్. కరెంటుకు మీరు ఎక్కువ కడుతున్నారేమో, ఒకసారి బిల్లు చూపించండి అంటారు. గుమ్మం దాకా వచ్చిన మనిషిని కసిరి పంపడం మనకు చేతకాదు. బిల్లు తెచ్చిస్తాం. వాళ్లకు కావలసింది అందులోని మీటరు నంబరు. “మేం వచ్చి వెళ్లినట్టు ఆఫీసులో చూపించాలి, ఇక్కడో సంతకం” అంటారు. కొద్ది రోజుల్లో మనం పేరైనా వినని కరెంటు కంపెనీ నుంచి, మా ఖాతాదారులైనందుకు సంతోషం అంటూ ఉత్తరం వస్తుంది.

మనవాళ్లు చాలామంది అక్కడే డీలా పడిపోతారు. సంతకం పెట్టాక ఇంక చేసేదేముంది అనుకుంటారు. ఎదురు తిరిగితే వీసాకు ఇబ్బందేమోనని భయపడతారు. చట్టం ఇచ్చిన హక్కును వాడుకున్నందుకు ఎవరి వీసాకూ ఏమీ కాదు.

2011 నాటి ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం ఇంటి గుమ్మంలో, ఫోనులో, ఆన్‌లైన్‌లో కుదిరిన ఒప్పందాన్ని 14 రోజుల్లోగా కారణం చెప్పకుండానే వెనక్కి తీసుకోవచ్చు. జర్మన్‌లో దీన్ని ‘విడరూఫ్’ అంటారు. వస్తువైతే చేతికందిన రోజు నుంచి, కరెంటు, ఇంటర్నెట్ లాంటివైతే ఒప్పందం కుదిరిన రోజు నుంచి లెక్క. ఈ హక్కు ఉందని కంపెనీ చెప్పకుండా దాచితే గడువు మరో 12 నెలలు పెరుగుతుంది. ఈమెయిల్ పంపినా చెల్లుతుంది కానీ, రిజిస్టరు పోస్టు రసీదు చేతిలో ఉంటే ధైర్యం. ఇక కరెంటు ఒప్పందం రాతపూర్వకంగా ఉండి తీరాలి. ఫోనులో సరే అన్నంత మాత్రాన 2021 నుంచి అది చెల్లదు.

అన్నిటికీ ఈ వెసులుబాటు లేదు. దుకాణానికి వెళ్లి కొన్నవాటికి, విమానం టికెట్లకు వర్తించదు. సినిమానో ఆటనో డబ్బు కట్టి వెంటనే డౌన్‌లోడ్ చేసుకుంటూ, రద్దు హక్కు వదులుకుంటున్నానని టిక్ పెడితే ఆ హక్కు పోయినట్టే. ఆ టిక్ వాళ్లే ముందుగా పెట్టి ఉంచితే మాత్రం చెల్లదు.

జిమ్‌కి వెళ్లి అక్కడే సంతకం పెట్టినా 14 రోజుల మాట ఉండదు. అయితే 2022 మార్చి 1 తర్వాత కుదిరిన ఒప్పందాలు, మొదటి గడువు తీరాక, ఒకప్పటిలా మరో ఏడాదికి వాటంతటవే పొడిగింపు కావు. నెల ముందు చెప్పి ఎప్పుడైనా మానేయవచ్చు. ఆన్‌లైన్‌లో సభ్యత్వం అమ్మేవాళ్లు దాన్ని రద్దు చేసుకునే బటన్‌ను కూడా కనబడేలా పెట్టాలని అదే ఏడాది జులై నుంచి నియమం.

చట్టం మంచిదే. కానీ అది జర్మన్ చదవగలిగినవాళ్లకు అందినంతగా, నిన్న మొన్న విమానం దిగిన పిల్లలకు అందడం లేదు. ఆ గుమ్మం ముందు నిలబడేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. అదే మాకు బాధ. ఉత్తరాలను భయంతో సొరుగులో పడేయడం అన్నిటికంటే ప్రమాదం. వసూలు ఏజెన్సీ బెదిరింపు వేరు, బాకీ కట్టమంటూ కోర్టు నుంచి పసుపు కవరులో వచ్చే ‘మాన్‌బెషైడ్’ అనే నోటీసు వేరు. రెండోదానికి రెండు వారాల్లోగా అభ్యంతరం చెప్పకపోతే చెల్లని బాకీ కూడా మెడకు చుట్టుకుంటుంది.

ప్రతి రాష్ట్రంలోనూ ‘ఫెర్‌బ్రౌహర్‌త్సెంట్రాలే’ అనే వినియోగదారుల సలహా కేంద్రం ఉంది. అక్కడికి వెళ్లండి. ఇక్కడ ఏళ్ల తరబడి ఉంటున్న అన్నలకూ అక్కలకూ ఒక్క విన్నపం: కొత్తగా వచ్చిన తమ్ముడో చెల్లెలో వాట్సాప్‌లో ఒక ఉత్తరం ఫొటో పంపితే, వారాంతం దాకా ఆగకుండా ఆ సాయంత్రమే చదివి పెట్టండి.