పసిబిడ్డకు రోజూ ఒక గంట ఆరుబయట!

పార్కులు మనవి. పిల్లల్ని ఎత్తుకుని రండి!

హైదరాబాదు కాలనీల్లో, బస్తీల్లో, అపార్ట్‌మెంట్లలో ఉంటున్న అమ్మలారా, నాన్నలారా! అమ్మమ్మలారా, నాయనమ్మలారా, తాతయ్యలారా!

బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు పంచుకునే ఇళ్లు మనవి. బిడ్డ గడప దాటడం మనకు పండగ. కానీ ఈ నగరంలో గడప దాటిన బిడ్డకు ఎదురయ్యేది లిఫ్టు తలుపు. లిఫ్టు దిగితే సెల్లారు, సెల్లారు దాటితే హారన్ల మోత. అందుకే టీకాకు తప్ప బయటి గాలి తగలని పసివాళ్లు ప్రతి కాలనీలోనూ ఉన్నారు. ఏడిస్తే ఫోను, ముద్ద మింగకపోతే ఫోను. ఈ తీరు మారాలి. మార్చగలిగింది మనమే.

బయట బిడ్డకు దొరికేది ఇంట్లో దొరకదు

పుట్టిన కొత్తలో బిడ్డకు బాగా కనిపించేది 20–30 సెంటీమీటర్ల దూరమే. అంటే పాలిచ్చే తల్లి ముఖం వరకే. రెండు మూడు నెలలకు కదిలేవాటి వెంట చూపు తిప్పడం నేరుస్తుంది. అప్పుడు వేపచెట్టు నీడలో చాప పరిచి పడుకోబెట్టండి. ఆకులు ఊగుతుంటే కాళ్లూ చేతులూ ఆడిస్తుంది. ఆరేడు నెలలకు గడ్డిని పిడికిట పట్టి లాగుతుంది. పాకే వయసులో ఉడుత కనబడితే దాని వెంట పడుతుంది. ఏ బొమ్మల దుకాణమూ అమ్మలేని ఆట ఇది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన మాటలు వినండి. ఏడాదిలోపు బిడ్డకు టీవీ, ఫోను అసలు వద్దు. ఇంకా పాకని బిడ్డను మెలకువగా ఉన్నప్పుడు, పక్కనే ఉండి, రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు బోర్లా పడుకోబెట్టాలి. స్ట్రోలర్‌లో గానీ కుర్చీలో గానీ ఒక్కసారికి గంట మించి కట్టి ఉంచకూడదు. ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలించాలి. మూడు గంటల ఆటకు సోఫాకూ టీవీకీ మధ్య ఉన్న జాగా చాలుతుందా?

బయటి గాలి బాలింతకూ కావాలి. పగలంతా బిడ్డతో ఒంటరిగా గదిలో ఉండే తల్లికి పార్కులో ఇంకో తల్లి కనబడితే, రాత్రి నిద్ర గురించీ పాల గురించీ నాలుగు మాటలు కలుస్తాయి, మనసు తేలికపడుతుంది. నాన్నలారా, బిడ్డను చంకనెత్తుకుని మీరూ బయల్దేరండి. ఇది అమ్మ ఒక్కదాని పని కాదు.

భయం వద్దు, జాగ్రత్త చాలు

పెద్దవాళ్లు దిష్టి అంటారు. బుగ్గన చుక్క పెట్టి పంపండి. జలుబు చేస్తుందంటారు. జలుబు వైరస్ వల్ల వస్తుంది, చల్లగాలి వల్ల కాదు. జనంతో కిక్కిరిసిన ఏసీ మాల్ కంటే చెట్ల కింద పసిబిడ్డకు మేలు. ఇవి మాత్రం గుర్తుంచుకోండి:

• ఎండాకాలంలో ఉదయం 8 లోపు, సాయంత్రం 5 తర్వాతే బయల్దేరండి. ఆరు నెలల లోపు బిడ్డను నేరుగా ఎండలో ఉంచకండి, నీడలోనే ఆడించండి.
• ఆరు నెలల వరకు ఎంత ఎండగా ఉన్నా తల్లిపాలే చాలు, నీళ్లు పట్టకండి. అడిగినప్పుడల్లా పాలివ్వండి.
• కిటికీ అద్దంలోంచి పడే ఎండతో విటమిన్ డి తయారవదు. డాక్టరు రాసిన చుక్కల మందు మానకండి.
• స్ట్రోలర్ మీద దుప్పటి కప్పకండి. లోపల వేడి పెరిగిపోతుంది.
• బిడ్డను గుడ్డతో కట్టుకున్నా, క్యారియర్‌లో వేసుకున్నా ముఖం మీకు కనబడాలి. గడ్డం ఛాతీకి ఆనకూడదు.
• డెంగీ దోమ పగలు కుడుతుంది. ఉదయం, పొద్దు వాలే ముందు దాని జోరు ఎక్కువ. వానాకాలంలో చేతులు, కాళ్లు నిండా కప్పే పలుచని నూలు బట్టలు వేయండి.
• బండి మీద తీసుకెళ్తున్నారా? 2022లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం నాలుగేళ్లలోపు పిల్లలకు సేఫ్టీ బెల్టు, తొమ్మిది నెలలు దాటినవారికి హెల్మెట్ తప్పనిసరి. వేగం 40 కిలోమీటర్లు మించకూడదు.

ఖాళీ జాగా మన హక్కు

లేఅవుట్ వేసేటప్పుడు పదో వంతు స్థలం ఖాళీగా వదలాలన్నది నియమం. 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం ఎత్తయిన అపార్ట్‌మెంట్లలో కూడా స్థలంలో 10 శాతం పచ్చదనానికి, పిల్లల ఆటకు విడిగా ఉంచాలి. ప్లానులో టాట్‌లాట్ అని రాసి ఉండేది ఇదే. మీ అపార్ట్‌మెంట్ ప్లాను తీసి చూడండి. ఆ జాగాలో ఇప్పుడు కార్లున్నాయా, జనరేటరు ఉందా, తాళం ఉందా? బెంగళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు ఆస్పత్రికి ఇస్తే చెల్లదని 1991లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పార్కు మీద కాలనీవాసులకు హక్కుందని ఆ కేసులో తేలింది.

మన డిమాండ్లు

1. కాలనీ పార్కుల తాళాలు ఉదయం, సాయంత్రం తప్పకుండా తీయాలి.
2. స్ట్రోలర్, చక్రాల కుర్చీ పట్టే గేటు పెట్టాలి.
3. ప్రతి పెద్ద పార్కులో పాలిచ్చే గది, శుభ్రమైన టాయిలెట్, తాగునీరు ఉండాలి.
4. పార్కుల్లో నీరు నిలవకుండా చూడాలి, దోమల మందు కొట్టాలి.
5. ఇంటి నుంచి పార్కు దాకా నడిచే ఫుట్‌పాత్ కావాలి.
6. టాట్‌లాట్లలోని వాహనాలను అసోసియేషన్లు వెంటనే ఖాళీ చేయించాలి.

రండి, కలిసి కదులుదాం!

ఈ ఆదివారం ఉదయం ఆరున్నరకు మీ ఇంటికి దగ్గరి పార్కుకు బిడ్డతో రండి. ఇందిరా పార్కు, పబ్లిక్ గార్డెన్స్, సంజీవయ్య పార్కు, యూసుఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కు, లేదా మీ కాలనీ చివర ఉన్న చిన్న పార్కు, ఏదైనా సరే. ఒక చాప, ఒక టోపీ, పొడి గుడ్డలు, ముద్ద తినే పిల్లలకు డబ్బాలో పండు. ఇవి చాలు. ఫోను సంచిలో ఉండనివ్వండి.

వచ్చినవాళ్లు ఒకరి నంబరు ఒకరు తీసుకోండి. పైన రాసిన డిమాండ్లను కాగితం మీద పెట్టి, అందరూ సంతకాలు చేసి వార్డు ఆఫీసులో ఇవ్వండి. రసీదు అడిగి తీసుకోండి. పని జరగకపోతే మళ్లీ వెళ్లండి, ఈసారి పిల్లల్ని ఎత్తుకుని వెళ్లండి. ఆదివారంతో ఆగకండి, సోమవారం కూడా రండి. రోజుకు ఒక గంట మన బిడ్డకు బాకీ ఉన్నాం. తీర్చుకుందాం!

పసిపిల్లలకు చెట్టు నీడ కావాలి!
పార్కు తాళాలు తీయాలి!
ఆట స్థలాలు పిల్లలకే దక్కాలి!

ఈ కాగితం చదివి పారేయకండి. పక్కింటి బాలింతకు ఇవ్వండి.

— మీ కాలనీ తల్లిదండ్రులు