రేపు రమ్మంటే చాలదు, రాసివ్వాలి

రైతు ఎరువుల కొట్టుకు ఏడాదికి పదిసార్లు పోతాడు, సొసైటీకి పోతాడు, బ్యాంకుకు పోతాడు. రిజిస్ట్రారాఫీసు మెట్లు మాత్రం జన్మలో మూడు నాలుగుసార్లే ఎక్కుతాడు. తండ్రి పోయాక అన్నదమ్ములు పంచుకునేటప్పుడు, ఆడపిల్లకు పసుపుకుంకుమ కింద అరెకరం రాసిచ్చేటప్పుడు, అప్పు మీద పడి అమ్ముకునేటప్పుడు, కాలం కలిసొచ్చి పక్క చేను కొనుక్కునేటప్పుడు. ఎప్పుడో ఒకసారి పోయే చోటు కాబట్టి అక్కడి పద్ధతి తెలియదు. తెలిసినవాళ్లు ఏది చెబితే అదే వేదం. ఉన్న ఎకరం, ఎకరంన్నర సంగతి మాత్రం ఆ ఒక్క కాగితం మీదే తేలాలి.

అలాంటి రైతుకు అక్కడ ఎక్కువగా వినపడే మాట 'రేపు రా'. ఈ మాట నోటితో చెప్పి పంపడం ఇక మానాలి, ఏ కాగితం తక్కువైందో రాసివ్వాలి. ఇది కొత్త కోరిక కాదు. నూరేళ్లు దాటిన చట్టంలో ఉన్నదే. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

మూడు తడవలు, మూడు కొర్రీలు

ఎకరా ఇరవై సెంట్లు అమ్ముతున్న సన్నకారు రైతును అనుకుందాం. మొదటి రోజు పోతే ఆధార్‌లో ఇంటిపేరు ఒక రకంగా, పాసుపుస్తకంలో ఒక రకంగా ఉంది, సరిచేయించుకుని రమ్మంటారు. రెండోసారి పోతే ఈసీ పాతదైపోయింది, కొత్తది తీయమంటారు. మూడోసారి సర్వే నంబరు సబ్ డివిజన్ కాలేదు, తహసీల్దారు ఆఫీసుకు పొమ్మంటారు. ఈ మూడు కొర్రీలూ మొదటి రోజు కాగితాలు తిరగేసినప్పుడే కనపడేవి. ఒక్కసారే చెబితే రైతు ఒక్కసారే తిరిగేవాడు.

పోయేది అమ్మేవాడొక్కడే కాదు. కొనేవాడు రావాలి, ఇద్దరు సాక్షులు రావాలి. అమ్మేవాడి కొడుకులు, కూతుళ్లు సంతకం పెట్టాల్సి ఉంటే వాళ్లూ ఊళ్ల నుంచి రావాలి. ఆటో ఖర్చు, సాక్షులకు భోజనం, అందరికీ ఒక పూట కూలి పోవడం. ఇవన్నీ లెక్కేస్తే ఒక్క 'రేపు రా' ఖరీదు చిన్నదేం కాదు. వరి కోతల్లోనో, మిరప తెంపుల్లోనో అయితే ఆ నష్టం ఇంకా ఎక్కువ.

ఇలా తిరిగి తిరిగి విసిగినవాడు చివరికి రెండు దార్లలో ఒకటి పడతాడు. మధ్యవర్తి చేతిలో పైకం పెట్టి 'నువ్వే చూసుకో' అంటాడు. లేదా ఊళ్లో పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాసుకుని సరిపెట్టుకుంటాడు. రెండో దారి మరీ ప్రమాదం. 100 రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తి చేతులు మారిందంటే ఆ దస్తావేజు రిజిస్టరు కావలసిందే. కాకపోతే హక్కు మారినట్టు కోర్టులో రుజువుగా నిలవదు. తెలంగాణలో ఈ సాదా బైనామాల క్రమబద్ధీకరణకు 2020లో లక్షల దరఖాస్తులు వచ్చాయి. అవి కోర్టు వ్యాజ్యంలో చిక్కుకుని, 2025లో భూభారతి చట్టం వచ్చేదాకా అలాగే ఉండిపోయాయి. అంతమంది తెల్లకాగితాన్ని నమ్ముకోవడానికి ఖర్చుతో పాటు ఆఫీసంటే బెదురు కూడా ఒక కారణం.

చట్టంలో ఏముంది?

దేశమంతటికీ ఆధారం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం. మన రాష్ట్రంలో పొలం దస్తావేజులు సబ్ రిజిస్ట్రారు దగ్గర రిజిస్టరవుతాయి. తెలంగాణలో 2020 నవంబరు నుంచి సాగుభూములను తహసీల్దారు కార్యాలయంలోనే రిజిస్టరు చేస్తున్నారు. అక్కడా ఇక్కడా మూలం ఇదే చట్టం. అందులో రైతు గుర్తుంచుకోవలసిన సెక్షన్లు నాలుగున్నాయి.

మొదటిది 23వ సెక్షన్. దస్తావేజు మీద సంతకాలు పెట్టిన రోజు నుంచి నాలుగు నెలల్లో దాన్ని ఆఫీసులో దాఖలు చేయాలి. వీలునామాకు మాత్రం ఈ గడువు లేదు, ఎప్పుడైనా ఇవ్వచ్చు. తప్పనిసరి కారణంతో ఆలస్యమైతే 25వ సెక్షన్ కింద ఇంకో నాలుగు నెలలు అవకాశం ఉంది. అయితే రిజిస్ట్రేషన్ ఫీజుకు పది రెట్ల దాకా జుర్మానా పడవచ్చు.

రెండోది 52వ సెక్షన్. దస్తావేజు దాఖలు చేసినప్పుడు ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ ఇచ్చారో దాని మీద రాయాలి. ఇచ్చినవారికి రసీదు ఇవ్వాలి.

మూడోది 71వ సెక్షన్. రిజిస్టరు చేయనంటే అధికారి ఆ మాట ఉత్తర్వుగా రాయాలి. కారణాలు రెండో నంబరు పుస్తకంలో ఎక్కించాలి. దస్తావేజు మీద 'రిజిస్ట్రేషన్ నిరాకరించడమైనది' అని రాయాలి. రాసిచ్చినవారో, రాయించుకున్నవారో అడిగితే ఆ కారణాల నకలు పైసా తీసుకోకుండా, జాప్యం చేయకుండా ఇవ్వాలి. ఆస్తి ఆ ఆఫీసు పరిధిలో లేదన్న కారణానికి మాత్రమే దీన్నుంచి మినహాయింపు.

నాలుగోది 72వ సెక్షన్. ఆ ఉత్తర్వు మీద 30 రోజుల్లో జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు చేసుకోవచ్చు. రిజిస్టరు చేయమని ఆయన ఉత్తర్వు ఇచ్చాక 30 రోజుల్లో దస్తావేజు మళ్లీ దాఖలు చేస్తే, మొదటిసారి దాఖలు చేసిన నాడే రిజిస్టరైనట్టు లెక్క. రాసిచ్చినవాడే 'నేను రాయలేదు' అని అడ్డం తిరిగిన కేసులకు దారి వేరే ఉంది. దానికీ గడువు 30 రోజులే.

నోటిమాటకు లెక్క లేదు

ఇప్పుడు ఈ నాలుగూ కలిపి చూడండి. అధికారి కాగితం మీద నిరాకరిస్తే రైతుకు అప్పీలు ఉంది, తేదీ ఉంది, ఆధారం ఉంది. నోటితో 'రేపు రా' అంటే ఇవేవీ లేవు. రసీదు ఉండదు, కారణం ఉండదు, పై అధికారి దగ్గరకు పోతే చూపడానికి ఏమీ ఉండదు. నాలుగు నెలల గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది. మూడుసార్లు తిప్పి గడువు దాటించిన పాపం ఒకరిదైతే, జుర్మానా కట్టేది ఇంకొకరు.

జుర్మానా ఒక్కటే కాదు. ఈలోగా రాసిచ్చిన పెద్దాయన కన్నుమూస్తే వారసులందరినీ పిలిపించి ఒప్పించాలి. ధర పెరిగితే అమ్మినవాడి మనసు మారవచ్చు. బయానా తీసుకున్నవాడే మరొకరికి రాసివ్వవచ్చు. పైకమంతా ఇచ్చి, చేలో నాట్లు కూడా వేసుకున్న రైతు అప్పుడు కోర్టు మెట్లెక్కాలి. పేరు మారని పొలం మీద పంట రుణం పుట్టదు, పీఎం కిసాన్ కింద ఏటా వచ్చే 6,000 రూపాయలూ అందవు.

మన రాష్ట్రంలో 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చాయి. 'కార్డ్' అని పేరు పెట్టారు. అంతకు ముందు ప్రతి దస్తావేజునూ గుమాస్తాలు చేత్తో పుస్తకాల్లోకి ఎక్కించేవారు, అసలు కాగితం చేతికి రావడానికి రోజులు పట్టేది. ఆ తిప్పలు తప్పాయి. ఈసీ తొందరగా వస్తోంది, స్లాట్ బుకింగ్ కూడా వచ్చింది. మెచ్చుకోవాల్సిందే. అయితే పని మొదలయ్యాక జరిగే ఆలస్యాన్ని యంత్రం తగ్గించింది గానీ, పని మొదలుకాకుండా గుమ్మం దగ్గరే తిప్పి పంపడాన్ని ఆపలేకపోయింది.

అధికారుల మాట కూడా వినాలి

సిబ్బంది తక్కువ, జనం ఎక్కువ అని ఆఫీసులవాళ్లు అంటారు. ముహూర్తాల రోజుల్లో అయితే తల ఎత్తే తీరిక ఉండదు. పొరపాటున ప్రభుత్వ భూమి రిజిస్టరు చేస్తే తమ ఉద్యోగం మీదికి వస్తుందన్న భయమూ ఉంది. ఇందులో అబద్ధం లేదు. పేరు తేడా లాంటి చిన్న లోపానికి వెంటనే నిరాకరణ ఉత్తర్వు రాస్తే రైతుకే చిక్కు అనే వాదనలోనూ కొంత నిజం ఉంది.

అందుకే మధ్యేమార్గం చెబుతున్నాం. చిన్న లోపాలకు ఒక చీటీ చాలు. ఏమేమి తక్కువయ్యాయో అన్నీ ఒకేసారి రాసి, తేదీ వేసి, సంతకం చేసి ఇవ్వాలి. చీటీలో లేని కొర్రీ తర్వాత పెట్టకూడదు. రైతు నాలుగుసార్లు వచ్చేదానికి బదులు రెండుసార్లే వస్తాడు కాబట్టి ఆఫీసులో రద్దీ కూడా తగ్గుతుంది. రాయడానికి పట్టేది ఐదు నిమిషాలు.

అవసరం లేని కాగితం అడగడానికి కూడా హద్దు ఉంది. అమ్మేవాడి పాత అసలు దస్తావేజు, ఈసీ చూపిస్తేనే రిజిస్టరు చేస్తామని తమిళనాడులో ఒక నియమం ఉండేది. అది 1908 చట్టానికి పొసగదని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 7న కొట్టేసింది. అమ్మేవాడికి హక్కు ఉందా లేదా తేల్చడం సబ్ రిజిస్ట్రారు పని కాదని చెప్పింది. రైతు దీన్ని రెండు వైపులా అర్థం చేసుకోవాలి. చట్టం ఆధారం లేని కొర్రీ చెల్లదన్నది ఒకటి. రిజిస్టరైనంత మాత్రాన హక్కు రుజువైనట్టు కాదన్నది రెండోది. అమ్మేవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదు. ఆ విచారణ మనమే చేసుకోవాలి.

22-ఎ జాబితా సంగతి

ఎక్కువమందిని ఏడిపిస్తున్నది నిషేధిత జాబితా. ప్రభుత్వ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, సీలింగు మిగులు భూములు, చట్టం అమ్మనివ్వని అసైన్డ్ భూములు వీటిని రిజిస్టరు చేయకూడదని 22-ఎ సెక్షన్ చెబుతోంది. ఉద్దేశం మంచిదే. చిక్కల్లా సర్వే నంబరు మొత్తాన్ని జాబితాలో పెట్టడం దగ్గర వస్తోంది. పదెకరాల నంబరులో రెండెకరాలు సర్కారుదైతే, మిగతా ఎనిమిదెకరాల పట్టాదారులూ ఇరుక్కుంటారు. చుక్కల భూముల తిప్పలు తీర్చడానికి 2017లో ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది.

ఇక్కడా అదే మాట. 'మీ నంబరు జాబితాలో ఉంది, పొండి' అంటే రైతు ఎక్కడికి పోవాలి? ఏ శాఖ పెట్టించింది, ఏ కారణంతో పెట్టారు అన్నది రాసిస్తే ఆ కాగితం పట్టుకుని కలెక్టరుకు అర్జీ పెట్టుకుంటాడు. ఊరివారీ జాబితాను సచివాలయం గోడ మీద అంటిస్తే, బయానా ఇవ్వకముందే జాగ్రత్త పడతాడు.

రైతు చేతిలో ఉన్న పని

అన్నీ ఆఫీసు మీదే వేయడం కూడా సబబు కాదు. బయలుదేరే ముందు ఇంట్లోనే చూసుకోవలసినవి ఉన్నాయి.

దస్తావేజులో ఆస్తి వివరం చదివించుకుని వినండి. ఊరు, మండలం, సర్వే నంబరు, సబ్ డివిజన్, ఎకరాలు సెంట్లు, నాలుగు దిక్కుల హద్దులు పాసుపుస్తకంతో, 1-బితో, అడంగల్‌తో సరిపోవాలి. ఒక్క అంకె తప్పుపడితే తర్వాత సవరణ దస్తావేజు రాయించాలి, అప్పటికి అమ్మినవాడు దొరకాలి.

కొట్టివేతలు, దిద్దుబాట్లు, ఖాళీలు ఉంటే అక్కడ రాసిచ్చినవారి సంతకం ఉండాలి. లేకపోతే తిప్పి పంపే హక్కు అధికారికి ఉంది.

రాసిచ్చేవారు, రాయించుకునేవారు, సాక్షులు ఆధార్ తెచ్చుకోవాలి. పేర్లు అన్నిచోట్లా ఒకేలా ఉన్నాయో లేదో ముందే చూడండి. ఫొటోలు, వేలిముద్రలు 2001 నాటి సవరణతో చట్టంలోకే వచ్చాయి. పాన్ లేనివారు దాని బదులు ఇచ్చే ఫారం సంగతి ముందే అడగండి.

స్టాంపు సుంకం రాసుకున్న ధర మీదా, ప్రభుత్వ విలువ మీదా ఏది ఎక్కువైతే దాని మీద పడుతుంది. లెక్క ఆఫీసులోనే అడిగి తెలుసుకోండి.

మంచాన పడ్డ పెద్దవాళ్లను ఆటోలో ఎక్కించి తీసుకుపోతుంటారు. ఆ అవసరం లేదు. అర్జీ పెట్టి, ఫీజు కడితే అధికారి ఇంటికే వచ్చి నమోదు చేసుకునే వీలు 31, 38 సెక్షన్లలో ఉంది.

అన్నిటికన్నా ముఖ్యం, దస్తావేజు చేతిలో పట్టుకుని కిటికీ దగ్గర అడిగి వెనక్కి రావద్దు. ఫీజు కట్టి దాఖలు చేయండి, రసీదు అడగండి. దాఖలు కానిదాన్ని నిరాకరించారని ఎవరూ చెప్పలేరు. కాదంటే 'ఎందుకు కాదో రాసివ్వండయ్యా' అని మర్యాదగా అడగండి. రిజిస్టరయ్యాక పాసుపుస్తకంలో, 1-బిలో పేరు మారేదాకా పని అయిపోయిందనుకోవద్దు.

జిల్లా యంత్రాంగం చేయాల్సింది

జిల్లా రిజిస్ట్రారు తలచుకుంటే వెంటనే చేయగల పనులు మూడున్నాయి. క్రయపత్రానికి, దాన దస్తావేజుకు, భాగ పంపిణీకి వేర్వేరుగా ఏమేం కాగితాలు కావాలో ప్రతి ఆఫీసు ముందు పెద్ద అక్షరాల తెలుగు బోర్డు పెట్టించాలి. లోపాల చీటీ తప్పనిసరి చేయాలి. 71వ సెక్షన్ కింద నెలకు ఎన్ని నిరాకరణ ఉత్తర్వులు రాశారో ఆఫీసులవారీగా రెండో నంబరు పుస్తకాలు తెప్పించి చూడాలి. రోజూ పదిమందిని తిప్పి పంపే ఆఫీసులో ఆ పుస్తకం ఖాళీగా ఉంటే, చట్టం అక్కడ ఎలా నడుస్తోందో ఆయనకే తెలుస్తుంది.

వీటికి కొత్త జీవో అక్కర్లేదు, కొత్త బడ్జెట్ అక్కర్లేదు. కాదన్నవాడు కారణం రాసి సంతకం పెట్టాలన్నది 1908లోనే పెట్టిన నియమం. ఎకరం రైతుకు కూడా అది వర్తించేలా చూడమనే అడుగుతున్నాం.